ఎడతెగని సాధన, తెగే రోజులు

"యోగా మొదలుపెట్టాను గానీ నిలబెట్టుకోలేకపోతున్నాను." ఈ మాట నాకు తెలిసిన ఆడవాళ్ల నోట, ముఖ్యంగా రాసే ఆడవాళ్లు, పాఠాలు చెప్పే ఆడవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో తప్పు చేసినట్టు ఒక సంకోచం ఉంటుంది. క్రమశిక్షణ లేదని, బద్ధకమని, మనసు గట్టిది కాదని తమను తామే తిట్టుకుంటారు. మార్కెట్లో దొరికే యోగా పుస్తకాలు ఈ సంకోచాన్ని ఇంకాస్త పెంచుతాయి. తెల్లవారుజామున లేవాలి. కడుపు ఖాళీగా ఉండాలి. గాలీ వెలుతురూ వచ్చే నిశ్శబ్దమైన గది ఉండాలి. ఒకే వేళ, ఒకే చోటు, ఒక్క రోజు కూడా మానకూడదు. అంతా బాగానే ఉంది. ఆ వేళకి పొయ్యి దగ్గర ఎవరుండాలో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు.

నేను పదకొండేళ్లుగా యోగా చేస్తున్నాను. పరిశోధన చేసిన ఏళ్లలో, ఊళ్లు మారిన ఏళ్లలో, ఇంట్లో పెద్దవాళ్లు మంచం పట్టిన నెలల్లో అది చాలాసార్లు తెగింది, మళ్లీ అతుక్కుంది. సవర స్త్రీల పాటల మీద పని కోసం రెండేళ్లుగా సీతంపేటకు వచ్చి పోతున్నాను. ఇక్కడి ఆడవాళ్ల దినచర్య చూశాక నాకు ఒక అనుమానం బలపడింది. "రోజూ చేయడం ఎలా?" అన్నది మనం అనుకునేంత వ్యక్తిగతమైన ప్రశ్న కాదు. దానికొక చరిత్ర ఉంది. ఎడతెగకుండా సాధన చేసే మనిషిని ఊహించిన గ్రంథాలు ఎవరి రోజుని చూసి ఊహించాయి? ఆ రోజు దొరకని ఆడవాళ్లు ఏం చేశారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతికితే, ఏ పుస్తకంలోనూ లేని సలహాలు కొన్ని దొరుకుతాయని నాకనిపిస్తుంది.

అభ్యాసం అనే మాటకి పతంజలి ఇచ్చిన నిర్వచనంలో మూడు షరతులున్నాయి. చాలా కాలం చేయాలి, మధ్యలో తెగకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. అప్పుడే అది గట్టి నేల అవుతుందంటాడు. సాధనకి అడ్డొచ్చే అంతరాయాల జాబితా కూడా ఇచ్చాడు. రోగం, జడత్వం, సందేహం, ఏమరుపాటు, సోమరితనం... ఇలా తొమ్మిది. అన్నీ మనిషి లోపల పుట్టేవే. ఏడ్చే బిడ్డ గానీ, నీళ్లు రాని కుళాయి గానీ, మామగారి కాఫీ గానీ అందులో లేవు. అంటే ఆయన ఊహించిన సాధకుడికి బయటి అడ్డంకులు ముందే తొలగిపోయాయన్నమాట.

ఎలా తొలగిపోయాయో పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపిక చదివితే తెలుస్తుంది. స్వాత్మారాముడు సాధకుడికి ఒక కుటీరం వర్ణిస్తాడు. చిన్న వాకిలి ఉండాలి, కిటికీలు ఉండకూడదు, ఎగుడుదిగుళ్లు లేని నేల ఉండాలి, ఆవు పేడతో చక్కగా అలికి ఉండాలి, పురుగూ పుట్రా ఉండకూడదు. అది భిక్ష సులువుగా దొరికే ఊళ్లో ఉండాలి. తిండి విషయానికొస్తే పాలు, నెయ్యి, తీపి, కమ్మని వంట. నేను సాహిత్య విద్యార్థిని కాబట్టి నాకు ఇలాంటి చోట కర్త కనిపించని క్రియలు ముందు కంటపడతాయి. అలికి ఉండాలి సరే, అలికింది ఎవరు? భిక్ష దొరకాలి సరే, వండి గుమ్మంలోకి తెచ్చింది ఎవరు? ఆ కుటీరం నిండా ఆడవాళ్ల చాకిరీ ఉంది, ఆడవాళ్లు మాత్రం లేరు.

లేకపోవడం యాదృచ్ఛికం కూడా కాదు. సాధన తొలి దశలో మూడింటికి దూరంగా ఉండమని అదే గ్రంథం చెబుతుంది: నిప్పు, స్త్రీలు, ప్రయాణాలు. ఈ మూడూ ఒక ఉద్యోగం చేసే ఇల్లాలి వైపు నుంచి చూడండి. నిప్పు అంటే మన పొయ్యి. స్త్రీ అంటే మనమే. ప్రయాణం అంటే రోజూ పట్టుకునే బస్సు. మన రోజు మొత్తం అక్కడ నిషిద్ధాల జాబితాలో ఉంది.

అయితే ఈ గ్రంథాన్ని పూర్తిగా పక్కన పడేయలేం. పడుచువాళ్లయినా, ముసలివాళ్లయినా, రోగులైనా, నీరసంగా ఉన్నవాళ్లయినా సాధన చేస్తే సిద్ధి పొందుతారని అందులోనే ఉంది. వేషం వేసుకున్నందువల్లో, శాస్త్రం చదివినందువల్లో రాదనీ ఉంది. ఒక సందర్భంలో సాధన చేసే స్త్రీని యోగిని అని ఒప్పుకుంటుంది కూడా. తలుపు మూసినా గడియ పూర్తిగా పెట్టలేదు. ఆ సందులోంచి దూరిన ఆడవాళ్లున్నారు.

తెలుగులో నాకు ముందు గుర్తొచ్చేది తరిగొండ వెంగమాంబ (1730–1817). రాయలసీమలోని తరిగొండలో పుట్టింది. చిన్నప్పుడే పెళ్లయింది, చిన్నప్పుడే భర్త పోయాడు. జుట్టు తీయించుకోవడానికి ఒప్పుకోలేదు. మదనపల్లెలో ఉన్న సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర ఉపదేశం తీసుకుని యోగసాధనలో పడింది. తనకు ఓనమాలు కూడా ఎవరూ నేర్పలేదని చెప్పుకున్న ఆ మనిషి రాజయోగామృతసారం, అష్టాంగయోగసారం, వాసిష్ఠ రామాయణం రాసింది. మనం ఆమెను భక్త కవయిత్రిగా గుర్తు పెట్టుకున్నాం. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో ఇప్పటికీ ఆమె పేరున హారతి ఇస్తారు. కానీ ఆమె యోగ గ్రంథాలు రాసిన తెలుగు స్త్రీ అన్న విషయం యోగా గురించి మాట్లాడే చోట్ల వినిపించదు.

వెంగమాంబకి సాధనకు తీరిక ఎలా దొరికింది? ఆ కాలపు ఒక వితంతువుకి సమాజం విధించిన ఒంటరితనాన్ని ఆమె ఏకాంతంగా మార్చుకుంది. మార్చుకున్నందుకు ఊరు ఊరుకోలేదు. తరిగొండలోనూ తిరుమలలోనూ ఆమెను పూజారులు వేధించారని, కొన్నాళ్లు తుంబురు కోనలోకి వెళ్లిపోయి సాధన చేసుకుందని కథలు చెబుతాయి. కథల్లో ఎంత నిజముందన్నది అలా ఉంచినా, ఒక ఆడది కళ్లు మూసుకుని కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్లకి ఎందుకంత కంటగింపు అన్నది ఆలోచించాల్సిన విషయం. అంతకన్నా పాతది భాగవతం మూడో స్కంధంలోని దేవహూతి కథ. ఆమెకు యోగం నేర్పింది కొడుకు కపిలుడు. ఎప్పుడు? భర్త కర్దముడు అడవికి వెళ్లిపోయాక. దేవహూతి, వెంగమాంబ ఇద్దరికీ సంసారపు రోజు ముగిశాకే సాధన రోజు మొదలైంది. సంసారం మధ్యలో ఉన్న స్త్రీకి సాధన ఎలాగన్నది అప్పటికింకా ఎవరూ అడగని ప్రశ్న.

ఆ ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. యోగం మఠం వదిలి బడికి, ఇంటికి, అచ్చు పుస్తకానికి చేరిన కాలం అది. శ్రీ యోగేంద్ర 1918లో బొంబాయిలో యోగా ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామం పెట్టాడు. ఔంధ్ సంస్థానాధిపతి భవానరావు పంత్ ప్రతినిధి సూర్య నమస్కారాలను ఒక నిత్య వ్యాయామంగా ప్రచారం చేసి, తన సంస్థానపు బడుల్లో ఆడపిల్లలతోనూ మగపిల్లలతోనూ చేయించాడు. ఇప్పుడు మనం చేసే ఆసనాల వరుసగా సూర్య నమస్కారాలు హఠయోగ ప్రదీపికలో లేవు. ఈ రూపంలో వాటి ప్రచారానికి వయసు సుమారు వందేళ్లు. వేల ఏళ్ల నాటిదని, ఒక్క అక్షరం మార్చకూడదని ఎవరైనా అన్నప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మంచిది.

మైసూరులో కృష్ణమాచార్య దగ్గరికి 1937–38లో ఒక రష్యన్ స్త్రీ వచ్చింది. తర్వాత ఇంద్రాదేవిగా పేరు పొందిన మనిషి. విదేశీయురాలని, స్త్రీ అని ఆయన మొదట ఒప్పుకోలేదు. మహారాజు చెబితే ఒప్పుకున్నాడు. చరిత్రలో ఈ ఘట్టాన్ని అందరూ రాస్తారు. అదే ఇంట్లో, 1938లో తీసిన ఒక మూగ చిత్రంలో, కృష్ణమాచార్య భార్య నామగిరమ్మ, ఆయన కూతుళ్లు ఆసనాలు వేస్తూ కనిపిస్తారు. పిల్లల్ని పెంచుతూ, ఇల్లు నడుపుతూ ఆ ఇల్లాలు ఆ నైపుణ్యం ఏ వేళలో సంపాదించింది? బయటి నుంచి వచ్చిన స్త్రీకి తలుపు తెరవడం చరిత్ర అయింది. లోపలున్న స్త్రీ చేసిన సాధన ఇంటి విషయంగా మిగిలిపోయింది.

అందుకే నాకు ఇద్దరు స్త్రీలు రాసిన పుస్తకాలు ముఖ్యమనిపిస్తాయి. యోగేంద్ర భార్య సీతాదేవి 1934లో స్త్రీల కోసం యోగ వ్యాయామం మీద పుస్తకం తెచ్చింది. స్త్రీ రాసిన తొలి ఆధునిక యోగా పుస్తకంగా దాన్ని చెబుతారు. గురువు దగ్గరికి వెళ్లే వీల్లేని ఇల్లాలికి పుస్తకమే గురువైంది. రెండోది గీతా అయ్యంగార్ (1944–2018) పుస్తకం. చిన్నతనంలో మూత్రపిండాల జబ్బుతో చావు అంచుదాకా వెళ్లి యోగంతో కోలుకున్న మనిషి ఆమె. 1983లో ఇంగ్లీషులో వచ్చిన ఆమె పుస్తకంలో బహిష్టు రోజులు, గర్భం, కాన్పు తర్వాతి నెలలు, ముట్లుడిగే వయసు సాధనకి అడ్డంకులుగా కాక సాధనలో భాగాలుగా కనిపిస్తాయి. బహిష్టు రోజుల్లో తలకిందులుగా ఉండే ఆసనాలు వద్దని, పడుకుని చేసేవి, ముందుకు వాలి విశ్రాంతి తీసుకునేవి చేయమని చెప్పింది. మైసూరులో పట్టాభి జోయిస్ పద్ధతిలోనూ స్త్రీలకు మొదటి మూడు రోజులు సెలవు.

ఈ సెలవుని స్త్రీవాదులుగా మనం ఎలా చదవాలి? మైల పేరుతో మూల కూర్చోబెట్టిన సంస్కృతి మనది. విశ్రాంతి పేరుతో అదే మూల మళ్లీ రాకూడదు. అలాగని నొప్పితో మెలికలు తిరుగుతూ "నేనూ మగవాడిలాగే రోజూ చేస్తాను" అని పట్టుబట్టడం కూడా ఎడతెగని మగ రోజుని కొలబద్దగా ఒప్పుకోవడమే. ఆ రోజున ఏం చేయాలో నిర్ణయించేది ఆమె ఒళ్లు కావాలి. నాకు గీతా అయ్యంగార్ చెప్పిన దాంట్లో విలువైనది ఫలానా ఆసనం వద్దనడం కాదు, నెల పొడుగునా ఒకేలా ఉండని శరీరానికి కూడా నైరంతర్యం సాధ్యమని చూపించడం.

ఇక సీతంపేట సంగతి. శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సవరలు, జాతాపులు ఉండే కొండలు. అవతల ఒడిశా. సంత రోజు అనాసపళ్లు, పసుపు, చింతపండు, కొండచీపుళ్లు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు కొండ దిగుతారు. మిగిలిన రోజుల్లో పోడు, కట్టెలు, నీళ్లు. నేను అద్దెకున్న ఇంటి వసారాలో సాయంత్రం చాప వేసుకుంటే చూసి నవ్వేవాళ్లు. ఒకరోజు, పాటల కోసం నేను తరచు కలిసే ఒక పెద్దామె బరువు దించి కూర్చుని కాసేపు చూసింది.

"అదేటమ్మా, కూకోడం కూడా నేర్సుకోవాలేటి?" అంది. నేను అప్పుడు గొంతుకూర్చుని ఉన్నాను, మాలాసనంలో.

"మీకు అక్కర్లేదప్పా, మాకు కుర్చీలు అలవాటైపోయాయి" అన్నాను.

ఆమె నడుం మీద చేయి వేసుకుంది. "మా నడుం పొద్దుట్నించీ ఒంగే ఉంటాదమ్మా. దాన్ని మళ్లీ ఒంచీది నాకొద్దు. నిలబెట్టీది ఏదైనా ఉంటే సెప్పు."

ఆ రోజు ఆమెకు నేను చెప్పగలిగింది ఒక్కటే. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిక్కలు పీట మీద ఆనించి, మెడ కింద మడత పెట్టిన చీరతో, పది నిమిషాలు కదలకుండా ఉండడం. ఐదు నిమిషాలకి నిద్రపోయింది. లేచి, "ఇంత మాటుకి ఎవలూ పిలవకుండా ఉండడం ఇదే" అంది. ఆమెకు ఆసనం కన్నా ఆ పిలవకపోవడం కొత్త.

సవర స్త్రీలకి సాధన పరాయిదని మాత్రం అనుకోకూడదు. కొండకు అవతల గంజాం, కొరాపుట్ ప్రాంతాల సవరల మతం మీద వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథం తెచ్చాడు. పియర్స్ విటెబ్‌స్కీ 1993లో, మళ్లీ 2017లో పుస్తకాలు రాశాడు. చనిపోయినవాళ్లతో బతికున్నవాళ్లని మాట్లాడించే ఆవాహకుల్లో ఎక్కువమంది స్త్రీలని ఇద్దరూ చెబుతారు. చిన్నతనంలో కలలతో మొదలై ఏళ్ల తరబడి సాగే శిక్షణ అది. కాళ్లు చాపి నేల మీద కూర్చుని, తనకు ముందున్న ఆవాహకుల్ని పిలుస్తూ పాడి, ఒక దశలో తల వాలిపోతుంది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోతే పక్కనున్నవాళ్లు పట్టి వంచుతారు. తర్వాత గంటల తరబడి ఆమె గొంతుతో పోయినవాళ్లు మాట్లాడతారు. దీన్ని యోగం అని పిలవడం నాకిష్టం లేదు. ప్రతిదానికీ మన సంస్కృతం పేరు పెట్టేయడం మైదానపు అలవాటు. కానీ శ్వాస, కూర్చునే తీరు, పాట, దీర్ఘకాలపు అభ్యాసం, ముందు తరం ఆడమనిషి నుంచి అందుకోవడం, ఇవన్నీ అక్కడున్నాయి. ముఖ్యంగా ఆమె అలా కూర్చున్నప్పుడు ఊరు ఆమె చుట్టూ కూర్చునేది. ఆమె సమయం ఎవరి నుంచీ దొంగిలించింది కాదు. విటెబ్‌స్కీ రెండో పుస్తకం రాసేనాటికి కొత్త తరం క్రైస్తవంలోకి వెళ్లి ఆ పరంపర సన్నగిల్లింది.

ఇప్పుడు ఈ కొండల పిల్లలకి సాధన ఇంకో దారిలో వస్తోంది. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానించాక 2015 నుంచి జూన్ 21 యోగా దినోత్సవం అయింది. 2025లో జాతీయ వేడుక విశాఖపట్నంలో జరిగింది. సముద్రం ఒడ్డున మూడు లక్షలకు పైగా జనం. ముందురోజు, జూన్ 20న, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో మా పక్కనే ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి వచ్చిన 20 వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాలపాటు సూర్య నమస్కారాలు చేశారు. పిల్లలు శ్వాస గమనించడం నేర్చుకుంటే మంచిదే. ఆడపిల్లలు తమ ఒంటిని సిగ్గు లేకుండా చాచి, వంచి చూసుకుంటే ఇంకా మంచిది. నా ప్రశ్న రికార్డు గురించి. రికార్డుకి కావలసింది ఒక రోజు, ఒక సంఖ్య. సాధనకి కావలసింది ఆ తర్వాతి రోజులు. పైగా మన్యంలో రక్తహీనత, సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలున్నారు. ఒంటిని అలసటకి గురిచేసే వ్యాయామం, నీళ్లు తక్కువ తాగడం సికిల్ సెల్ పిల్లలకి ప్రమాదం. అందరి చేతా ఒకే సంఖ్య చేయించే పద్ధతిలో ఒక పిల్ల "నాకు ఇవాళ చేతకాదు" అనగలగాలి. అనగలిగే చోటు లేకపోతే అది కవాతు.

ఇంకొక లెక్క చూద్దాం. దేశవ్యాప్త కాలవినియోగ సర్వే ప్రకారం 2019లో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు దానికి పెట్టారు, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. ఐదేళ్లలో మనకు మిగిలినవి 10 నిమిషాలు. మగవాళ్లకు 9.

ఇంత చరిత్ర తర్వాత, నిలబెట్టుకోలేకపోతున్నామనే మిత్రులకి నేను చెప్పగలిగే సలహాలు చాలా చిన్నవి.

మొదటిది, ఆ 10 నిమిషాలతోనే మొదలుపెట్టండి. గంట దొరికే రోజు కోసం కాచుకుంటే నెలలు పోతాయి. మూడు ఆసనాలు, కాసేపు శ్వాస, చివర శవాసనం చాలు. దొరికినరోజు పెంచుకోవచ్చు. శవాసనం మాత్రం కత్తిరించకండి, సమయం తక్కువైనప్పుడు మనం ముందు కోసేసేది విశ్రాంతినే.

రెండోది, గడియారం కన్నా రోజూ తప్పక జరిగే పనికి ముడిపెట్టండి. పిల్లలు బడికెళ్లిన వెంటనే, కాలేజీ నుంచి వచ్చి చీర మార్చుకున్న వెంటనే. బ్రహ్మముహూర్తం పొయ్యి లేని సాధకుడి కోసం పెట్టిన వేళ. కడుపు బరువుగా లేకపోతే సాయంత్రమూ మంచి వేళే.

మూడోది, రోజుల్ని కాదు నెలల్ని లెక్కపెట్టండి. నెలకి ఇరవై రోజులు చేసిన మనిషి మానేసిన మనిషి కాదు. బహిష్టుకి, జ్వరానికి, పరీక్ష పేపర్లకి ముందే చోటుంచండి. తెగిన మర్నాడు రెట్టింపు చేసి శిక్ష వేసుకోవద్దు, ఎక్కడ ఆగారో అంతకన్నా కొంచెం తక్కువతో మొదలుపెట్టండి.

నాలుగోది, మీ రోజు మీ ఒంటిని ఏం చేసిందో చూసి ఆసనం ఎంచుకోండి. రోజంతా కుర్చీలో కూర్చుని రాసేవాళ్లకి ఛాతీ విప్పేవి, తొడలు సాగదీసేవి, మెల్లగా వెనక్కి వంగేవి కావాలి. రోజంతా నిలబడో, బరువులు మోసో వచ్చినవాళ్లకి కాళ్లు గోడకి ఆనించి పడుకోవడం కావాలి. నెత్తిన మోసే మెడకి శీర్షాసనం నేర్పకండి. రక్తపోటు, మెడనొప్పి, గర్భం ఉంటే తెలిసినవాళ్లని, డాక్టర్‌ని అడిగాకే చేయండి.

ఐదోది అన్నిటికన్నా కష్టమైనది. ఆ పది నిమిషాలు మిమ్మల్ని ఎవరూ పిలవకూడదని ఇంట్లో చెప్పండి. అందరూ లేవకముందు దొంగచాటుగా చేసే సాధన కొన్నాళ్లే సాగుతుంది, ఎందుకంటే దానికి పెట్టుబడి మన నిద్ర. కుటీరం అలకడానికి, భిక్ష వండడానికి మనకెవరూ లేరు కాబట్టి, ఆ పదినిమిషాల పొయ్యి ఇంట్లో ఇంకొకరు చూసుకోవాలి. ఇది అడగడం సాధనకి ముందు మెట్టు కాదు, సాధనలోని మొదటి ఆసనం అనుకోండి. వీలైతే ఇంకొక ఆడమనిషితో కలిసి చేయండి. ఒకరి రోజు తెగినప్పుడు ఇంకొకరు ఆ దారం పట్టుకుంటారు.

పతంజలి మూడు షరతుల్లో చాలా కాలం, తెగకపోవడం గురించే అందరూ మాట్లాడతారు. మూడోది ఆదరం. దాన్ని సాధన పట్ల భక్తి అని వ్యాఖ్యాతలు చెప్పారు. చేస్తున్న మనిషి పట్ల ఆదరం అని కూడా చదువుకోవచ్చని నాకనిపిస్తుంది. సీతంపేటలో పీట మీద కాళ్లు పెట్టుకుని నిద్రపోయిన ఆ అప్ప మర్నాడు తన వయసామెనే ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చింది. పీట ఒకటే ఉంది. ఒకరు పడుకున్నంతసేపు రెండో ఆమె గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లకల్లా "తరవాత రండి, పడుకుంది" అని చెబుతూ కూర్చుంది.